పన్నెండో ఏడాది

తెలుపు మీద ఐదు సెకన్లు, నలుపు మీద ఐదు సెకన్లు. సీసా మెడ పట్టుకుని మెల్లగా ఒక్క సుడి తిప్పాలి, చెయ్యి ఆపాలి, లోపలి మందు ఇంకా తిరుగుతుండగానే చూసెయ్యాలి. నల్లటి నలుసైతే వెనకున్న తెల్ల పలక మీద దొరికిపోతుంది, తెల్లటిదైతే నల్ల పలక మీద. నలుసున్న సీసా ఎర్ర ట్రేలోకి, లేనిది నీలం ట్రేలోకి. ఏడింటికి బల్ల ముందు కూర్చున్న కళ్ళమ్మ తొమ్మిదయ్యేసరికి నాలుగు వందల డెబ్భై సీసాలు చూసింది. నాలుగు వందల డెబ్భై ఒకటోది పట్టుకోగానే చేతి తొడుగు లోపల ఆవిడ అరచేతికి చెమట పట్టింది.

మళ్ళీ అదే. నల్ల పలక ముందు సీసాను కాస్త వాల్చగానే ఒక చిన్న మెరుపు. చేప పొలుసులో పదో వంతు కూడా ఉండదు. ఇలా మెరిసి అలా మాయమైంది. మళ్ళీ తిప్పింది, ఏమీ లేదు. ఇంకోసారి తిప్పింది, ఉందనిపించింది. మూడోసారి తిప్పడానికి ధైర్యం చాల్లేదు. పక్క బల్ల దగ్గర ఇద్దరు అమ్మాయిలు తమ సీసాలు తాము చూసుకుంటున్నారు, ఒకమ్మాయి నోట్లోనే ఏదో పాట పాడుకుంటోంది. కళ్ళమ్మ ఆ సీసాను నీలం ట్రేలో పెట్టింది. పెట్టాక ఆ చెయ్యి తనది కాదన్నట్టు దానివంక చూసుకుంది.

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. అక్కడ తప్ప ఎవరికీ దానితో పని పడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇంజెక్షన్ మందుల ఫ్యాక్టరీలో లైటు పెట్టె ముందు కూర్చుని, కళ్ళల్లో వత్తులేసుకుని నలుసులు ఏరే మనిషిని ఇంకేమని పిలుస్తారు? పొట్టి మనిషి. కుర్చీ ఎంత పైకి లేపినా భుజాలు ముందుకే వంగి ఉంటాయి. కనుబొమల మధ్య నిలువుగా రెండు గీతలు, నవ్వినా పోవు. కుడి బొటనవేలి పక్కన చర్మం కాయకట్టింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇంకా కళ్ళజోడు లేదు. ఆవిడకు గర్వమంటూ ఉంటే అదొక్కటే. పెళ్ళికి పిలిచినా అక్కడి మంచినీళ్ళ గ్లాసు వెలుగుకేసి పట్టుకుని చూడనిదే తాగదు. చుట్టాలు దీన్ని మనసులో పెట్టుకుంటారు, తరవాతి పెళ్ళికి పిలవరు.

కుడికంట్లో ఆవిడకో దోమ ఉంది. నిజం దోమ కాదు, కంటిలోపల తేలే నల్లచుక్క. పదేళ్ళ నాటిది. సీసాలో నలుసైతే చెయ్యి ఆపాక కూడా మందుతోపాటు తిరుగుతుంది. కంట్లో దోమైతే కన్ను ఎటు తిప్పితే అటే వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజే ఈ తేడా నేర్పేది కళ్ళమ్మే. కానీ తొమ్మిది రోజులుగా కనపడుతున్న ఈ మెరుపు ఏ లెక్కకూ లొంగడం లేదు. తిరిగేంతసేపు ఉండదు, కంటివెంట రాదు. ఒక్క వాలులో ఒక్కసారి తళుక్కుమంటుంది, అంతే.

మొదటిరోజు ఇరవై మూడు సీసాలు ఎర్ర ట్రేలో పెట్టింది. సూపర్‌వైజరు వచ్చి చూశాడు, పక్క అమ్మాయిలిద్దరి చేతా చూపించాడు, భూతద్దం కూడా తెచ్చాడు. ఎవరికీ ఏమీ కనపడలేదు. "కళ్ళమ్మగారూ, మీ దోమ పిల్లల్ని పెట్టినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఐదురోజులు ఇలాగే సాగింది. ఆరోరోజున ఆయన నవ్వడం మానేశాడు. "లైను ఆగిపోతోందమ్మా. కనపడిందని కాదు, కచ్చితంగా ఉందనుకుంటేనే తీయండి" అన్నాడు. కచ్చితంగా అనే మాట విన్నాక కళ్ళమ్మకు ఏదీ కచ్చితంగా కనపడలేదు. అప్పట్నుంచి అన్నీ నీలం ట్రేలోకే పోతున్నాయి. ఈరోజు మధ్యాహ్నం రెండింటికి ఆవిడకు కంపెనీ వైద్యశాలలో కంటి పరీక్ష.

సాయంత్రం ఐదింటికి ఇంకో పని ఉంది. నిజానికి ఆవిడ్ని పీక్కు తింటున్నది అదే.

ఇంకో మూడు వారాల్లో రిటైర్మెంటు. ఏడాదిలోపు రిటైరయ్యే వాళ్ళందరికీ కంపెనీ ఒక ఫారం ఇచ్చింది. అందులో రెండు గళ్ళు. మొదటి గడిలో టిక్కు పెడితే రావలసిన డబ్బంతా ఒకేసారి చేతికిస్తారు. రెండో గడిలో పెడితే ఆ డబ్బుకు కంపెనీ షేర్లు ఇస్తారు, బజారు ధర కన్నా తక్కువకే. ఐదేళ్ళదాకా వాటిని అమ్మడానికి వీల్లేదు. మూడు నెలలకోసారి డివిడెండు మాత్రం ఇంటికి వస్తుంది. ఫారం ఇవ్వడానికి ఈరోజే గడువు.

డబ్బు చేతికొస్తే ఎన్నాళ్ళొస్తుందో ఆవిడ వేళ్ళ మీదా కాగితం మీదా పదిసార్లు లెక్కపెట్టింది. అద్దె, తిండి, మందులు, తమ్ముడి ఖర్చు. ఎటు కూడినా పదకొండేళ్ళు. పన్నెండో ఏడాది నెత్తిమీద కప్పు ఉండదు. అప్పటికి తనకు డెబ్భై. అసలు తను ఉండనే ఉండకపోవచ్చు. తమ్ముడికి అప్పటికి యాభై ఆరు. వాడు మాత్రం ఉంటాడు. వాడికి పళ్ళన్నీ గట్టివి, జలుబు కూడా చెయ్యదు. డివిడెండు అలా కాదు. అసలు సొమ్ము కదలదు, వచ్చేది ఏటా కాస్త పెరుగుతుంది, కంపెనీ ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది. రాత్రిళ్ళు పన్నెండో ఏడాది తలుపు తట్టినట్టయి ఆవిడ లేచి కూర్చునేది.

తమ్ముడికి నలభై నాలుగేళ్ళు, బుద్ధి ఎనిమిదేళ్ళ దగ్గర ఆగిపోయింది. పగలంతా కింది వాటాలో కుట్టుపనామె దగ్గర కూర్చుని గుండీలు రంగులవారీగా వేరుచేస్తాడు. ఒక్క గుండీ తప్పిపోదు. ఆమె అప్పుడప్పుడు వేరుచేసిన డబ్బాలు మళ్ళీ కలిపేస్తుంది, వాడికి పని ఉండాలిగా. ఈరోజు పొద్దున కళ్ళమ్మ వాడి బూట్ల తాళ్ళు కడుతుంటే వాడు ఆవిడ నెత్తిమీద చెయ్యి ఆన్చి నిలబడి అడిగాడు.

"అక్కా, నువ్వు చచ్చిపోయాక నాకు బూట్లెవరు కొంటారు?"

ఆకలేస్తోందని చెప్పినంత మామూలుగా అడిగాడు. ఆవిడ ముడి బిగించింది. తల ఎత్తకుండానే, "కంపెనీ కొంటుందిరా" అంది.

"నల్లవేనా?"

"నల్లవే."

వాడికి అంతే చాలు. మెట్లు దిగుతూనే కుట్టుపనామెకు కేకేసి చెప్పాడు, కంపెనీ తనకు బూట్లు కొంటుందని.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే కళ్ళమ్మ గేటు బయట టీకొట్టు దగ్గరికి వెళ్ళింది. డివిడెండు తాత అక్కడే ఉన్నాడు. ఎప్పుడూ అక్కడే ఉంటాడు. పదేళ్ళ కిందట బాయిలరు దగ్గర రిటైరై, వచ్చిన డబ్బంతా ఈ కంపెనీ షేర్లలోనే పెట్టిన మనిషి. పిల్లలంతా తాతా అంటారు, కళ్ళమ్మ మాత్రం అన్నయ్యా అంటుంది. ఎండకు కమిలిన బట్టతల, బాయిలరు ఆవిరి తగిలి ఎడమచెవి మీద ముడుచుకున్న చర్మం, ఒళ్ళో షేర్ల ధరల పేజీ. ఇంట్లో భార్య మంచం పట్టి ఆరేళ్ళయింది. ఆమె మందులు, చూసుకునే మనిషి జీతం, అన్నీ ఆ డివిడెండులోంచే. ఎవరైనా పలకరిస్తే బాగున్నానని కాదు, "ఈసారి కూడా పెంచారు" అంటాడు.

"టిక్కు పెట్టావా చెల్లెమ్మా?"

"ఇంకా లేదన్నయ్యా. భయమేస్తోంది."

"భయమెందుకే? నేను చెప్పిన మూడూ, డివిడెండూ అప్పూ మందులూ, చూశావా?"

చూసింది. వారం రోజులు కంపెనీ వార్షిక నివేదిక ముందేసుకుని కూర్చుంది. నున్నటి కాగితాల మీద నవ్వే డాక్టర్లు, నవ్వే రోగులు, ఇంత జబ్బుగా ఉండి ఎలా నవ్వుతున్నారో. ఆవిడకు తెలిసిన పద్ధతి ఒక్కటే కాబట్టి ఆ పుస్తకాన్నీ అలాగే చూసింది. ప్రతి పేజీ ఒకసారి తెలుపు మీద, వాళ్ళు ఏం చెప్పారో. ఒకసారి నలుపు మీద, ఏం చెప్పలేదో. డివిడెండు ముప్ఫై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తగ్గలేదు. వచ్చిన లాభంలో సగం కూడా పంచడం లేదు, మిగతాది దాచుకుంటున్నారు. అప్పు ఉంది కానీ ఏడాదిన్నర లాభంతో తీరిపోతుంది. ఒక్క మందు మీదే బతికే కంపెనీ కాదు, అయితే లాభంలో నాలుగో వంతు మాత్రం ఒక ఇంజెక్షను మీదే వస్తోంది. తన బల్ల మీదికి వచ్చే సీసాలు దానివే.

"మూడూ బాగానే ఉన్నాయి" అంది.

"మరింకేం? జనానికి జబ్బులు రాకుండా పోతాయా? బట్టలు మానుకుంటారు, బండ్లు మానుకుంటారు, మందు మానుకోరు. నువ్వు పోయినా కంపెనీ ఉంటుంది, మీ తమ్ముణ్ణి కంపెనీ సాకుతుంది. కన్నబిడ్డలైనా ఇంత చెప్పినట్టు గడువు తప్పకుండా పంపిస్తారా?"

"లోపలేదైనా తప్పు జరుగుతుంటే అన్నయ్యా?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తరవాత నవ్వేశాడు. "లోపల తప్పు జరగకుండా చూడ్డానికేగా నువ్వు కూర్చున్నది. నువ్వక్కడ ఉన్నావన్న ధైర్యంతోనే నేను ఒక్క షేరూ అమ్మలేదు."

కళ్ళమ్మ ఆ మాటకు గేటువైపు తిరిగింది. తెచ్చుకున్న డబ్బా మూతైనా తీయకుండా లోపలికి వెళ్ళిపోయింది.

కంటి పరీక్ష గదిలో ఒక అమ్మాయి ఉంది, పాతికేళ్ళుంటాయేమో. గోడ మీద అక్షరాల పట్టిక. కళ్ళమ్మ కుర్చీలో కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.  ఆవిడ భయమేమిటో ఆ అమ్మాయికి తెలిసే వీలు లేదు. ఈ గదిలోకి వచ్చేవాళ్ళంతా కళ్ళు బాగుండాలని కోరుకుంటారు. కళ్ళమ్మ మాత్రం పొద్దుట్నుంచీ పాడవ్వాలని మొక్కుకుంటోంది. కళ్ళు పాడైతే సీసాలు బాగున్నట్టు. సీసాలు బాగుంటే కంపెనీ బాగున్నట్టు. కంపెనీ బాగుంటే రెండో గడిలో టిక్కు పెట్టి హాయిగా నిద్రపోవచ్చు, తమ్ముడికి నల్లబూట్లు వస్తాయి. మూడు వారాల ముందే బల్ల ఖాళీ చెయ్యమంటారు, అననీ. ఒక దోమ కాకపోతే వంద దోమలు, ఉండనీ.

"కింది వరస చదవండమ్మా" అంది అమ్మాయి.

కింది వరస చాలా స్పష్టంగా ఉంది. దానికింద అచ్చువేసిన వాడి చిరునామా కూడా కనపడుతోంది. కళ్ళమ్మ మూడో అక్షరం తప్పు చదివింది. నాలుగోదీ తప్పు చదివింది. అబద్ధం చెప్పడం ఎంత సులువో అనుకుంది.

అమ్మాయి అవి రాసుకుంది. గడ్డం ఆనించమని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, కళ్ళ లోపల వెలుగు కొట్టి, ఫొటోలు తీసింది. తెర మీద రెండు ఎర్రటి గుండ్రాలు వచ్చాయి, సన్నటి నరాలతో సహా. అమ్మాయి వాటిని దగ్గరకు లాగి చాలాసేపు చూసింది. చూడ్డం వృత్తిగా బతికిన కళ్ళమ్మ, ఇంకొకరు అంత శ్రద్ధగా చూస్తుంటే ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"అక్షరాలు కంగారులో తప్పు చదివినట్టున్నారు. కుడికంట్లో ఒక్క చుక్క ఉంది, పాతదే, దాంతో భయమేం లేదు. మిగతాదంతా ఇంత శుభ్రంగా ఉందేంటమ్మా! నా కళ్ళు కూడా ఇలా ఉండవు." అమ్మాయి కాగితం మీద ముద్ర వేసి సంతోషంగా చేతికిచ్చింది.

కళ్ళమ్మ ఏడ్చింది. అమ్మాయి భుజం మీద చెయ్యేసి, "పర్లేదమ్మా, కొంతమందికి సంతోషంతో కూడా వచ్చేస్తాయి" అంది.

వైద్యశాల నుంచి తన బ్లాకుకు రెండు వందల అడుగులు ఉంటాయి. ఆ దారిలో సగానికి వచ్చి ఆవిడ ఆగిపోయింది. నివేదికలో నలభై రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. చదివినప్పుడు సంతోషపడింది కూడా. సీసాల కొనుగోలులో కొత్త సరఫరాదారును ఎంచుకోవడం వల్ల గణనీయంగా ఆదా అయిందనీ, ఆ ఆదా వాటాదారులకు చేరుతోందనీ రాశారు. కొత్త గాజు. చవక గాజు. లోపలి పొర మందు తాకిడికి లేచి, రవ్వంత రేకుగా ఊడి, ఒక్క వాలులో మెరిసి మాయమయ్యే గాజు. ఈసారి డివిడెండు ఎక్కడి నుంచి పెరిగిందో కళ్ళమ్మకు అర్థమైపోయింది. తాత ఒళ్ళో ఉన్న అంకెలోనూ, తన చేతిలోని సీసాలోనూ ఉన్నది ఒకటే.  ఈ నాలుగు రోజుల్లో ఎన్ని సీసాలు నీలం ట్రేలో పెట్టానని తనను తాను అడగబోయి, జవాబు వస్తుందేమోనని గబగబా నడిచింది.

సూపర్‌వైజరు గది అద్దాల గది. ఆయన కంటి పరీక్ష కాగితం రెండుసార్లు చదివాడు. ఏ ముద్రైనా అబద్ధమని తేలుతుందేమోనన్నట్టు వెనక్కి కూడా తిప్పి చూశాడు. యాభై ఏడేళ్ళ మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగదు. ఇప్పుడు చొక్కా కాలరు చెమటకు తడిసి ఉంది.

"మంచిదేగా. కళ్ళు బాగున్నాయి" అన్నాడు.

"కళ్ళు బాగుంటే మరి నాకు కనపడేదేంటి సార్?"

"రిటైర్మెంటు దగ్గరికొస్తే అందరికీ మనసు అదోలా ఉంటుందమ్మా. ఆ దిగులు అలా కనపడుతోంది. దానికి మందు లేదు." ఆయన చెయ్యి చాచాడు. "ఫారం తెచ్చారా? షేర్లకే పెట్టండి. మీ తమ్ముడున్నాడు కదా. ఆలోచించక్కర్లేదు, జీవితాంతం వస్తుంది."

బల్ల మీద అందరి ఫారాలూ ఒక దొంతరగా ఉన్నాయి, తలకిందులుగా. కళ్ళమ్మ కావాలని చూడలేదు. ఎక్కడైనా తేడా ఉంటే ఆ కళ్ళు అటే పోతాయి, ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. అన్నిటికన్నా పైన ఉన్న ఫారం కింద తోక తిరిగిన సంతకం, పదకొండేళ్ళుగా రోజూ లాగ్‌బుక్కులో చూస్తున్నదే. సూపర్‌వైజరుది. ఇంకో తొమ్మిది నెలల్లో ఆయనా రిటైరవుతాడు. టిక్కు మొదటి గడిలో ఉంది.

"మీరు డబ్బే తీసుకుంటున్నారు సార్" అంది. ఆ మాట అనేసినందుకు ఆవిడకే భయం వేసింది.

ఆయన దొంతర మీద చెయ్యి వేశాడు, మూసెయ్యడానికన్నట్టు. "నాకు ఇంటి అప్పుందమ్మా. ఎవరి ఇబ్బంది వాళ్ళది."

"అంతేనా సార్?"

"అంతే." ఆయన ఆవిడవైపు చూడలేదు. కిటికీవైపు చూశాడు, కిటికీలో చూడ్డానికి ఏమీ లేదు.

వార్షిక నివేదిక నూట పది పేజీలు. వారం రోజులు చదివినా తేలనిది ఒక్క టిక్కులో తేలిపోయింది. కళ్ళమ్మ ఆయన పెన్నే అడిగి తీసుకుని, మొదటి గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసింది. పదకొండేళ్ళు. పన్నెండో ఏడాదిని తన చేత్తో తనే పిలిచి వాకిట్లో కూర్చోబెట్టినట్టయింది. అక్కడితో ఊరుకుని ఉంటే డబ్బు మూడు వారాల్లో చేతికి వచ్చేది. ఊరుకోవాలనే అనుకుంది, నిజం చెప్పాలంటే. తలుపుదాకా నడిచింది కూడా.

బల్ల దగ్గరికి వచ్చాక మధ్యాహ్నపు ట్రే ఎదురుగా ఉంది. ఒక సీసా తీసి తిప్పి, ఆపి, వాల్చింది. మెరిసింది. ఇప్పుడు ఉందా లేదా అన్న అనుమానం లేదు. రెండోది తీసింది. పక్క అమ్మాయి పాట ఆపి, "ఏమైందమ్మా, మీ మొహమేంటి అలా ఉంది?" అంది. కళ్ళమ్మ మూడోది తీసింది. ఎవరో ఎక్కడో మంచం మీద చొక్కా చెయ్యి పైకి మడిచి చాపుతున్నారు. ఎవరి అక్కో, ఎవరి తమ్ముడో. ఆ చెయ్యి ఎంత నమ్మకంగా చాపుతారో తలుచుకుని ఆవిడ సీసా కింద పెట్టేసింది.

లాగ్‌బుక్కు తీసింది. పేజీలకు అచ్చు నంబర్లుంటాయి, చించడం కుదరదు. బ్యాచి నంబరు రాసి, తొమ్మిది రోజులుగా గాజు రేకులు కనపడుతున్నాయనీ, గడిచిన నాలుగు రోజుల్లో తను పాస్ చేసిన సీసాలు కూడా ఆపాలనీ రాసింది.  కింద సంతకం పెట్టింది. తరవాత నీలం ట్రేలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి ఎర్ర ట్రేలో పెట్టడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు వచ్చి ఆ వరసలు చదివాడు. అరవలేదు. అరిస్తే ఆవిడకు ఇంత భయం వేసేది కాదు.

"ఒక్క గీత అడ్డంగా కొట్టండమ్మా. పొరపాటున రాశానని పక్కన సంతకం పెట్టండి. అలా చెయ్యొచ్చు, రూలులోనే ఉంది."

"పొరపాటు కాదు సార్."

"ఎంక్వయిరీ వస్తుంది. అది తేలేదాకా మీ డబ్బు కదలదు. ఏడాదో, రెండేళ్ళో. తెలుసా?" ఆయన గొంతు తగ్గించాడు. "నాది కూడా కదలదు."

 డబ్బు రాకపోతే మొదటి ఏడాదే పన్నెండో ఏడాది. అద్దె అడిగే ఇంటాయన మొహం, మెట్ల మీద తమ్ముడి కేక, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. బల్ల అంచు పట్టుకుంది. నోరు తెరిస్తే గీత కొడతానంటానేమోనని తెరవలేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది. కొంచెమే ఊపింది, కానీ ఆయనకు అర్థమైంది.

"రేపట్నుంచి రాకండి. మిగిలిన సెలవులు వాడుకోండి" అన్నాడు చివరికి.

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం అలా అయిపోయింది. దండల్లేవు, ఫొటోల్లేవు. పక్క అమ్మాయిలిద్దరూ లేచి నిలబడ్డారు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు. కళ్ళమ్మ టోపీ, చేతి తొడుగులు తీసి డబ్బాలో వేసి, ఖాళీ చేతులతో గేటు దాటింది.

టీకొట్టు దగ్గర డివిడెండు తాత ఇంకా ఉన్నాడు. సాయంత్రం ధరలు చూసుకుంటున్నాడు. పక్కన చోటిచ్చాడు. ఆవిడ కూర్చోలేదు. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. రేపో ఎల్లుండో పేపరులో వస్తుంది, అప్పుడు అందరితోపాటే తెలుస్తుంది. అందరితోపాటు తెలిస్తే మంచం మీదున్న ఆయన భార్య మందులకు ఏమవుతుందో ఆవిడకు తెలుసు.

"అన్నయ్యా, అమ్మెయ్యి."

"ఏంటే అమ్మేది?"

"షేర్లు. పొద్దున మార్కెట్టు తెరవగానే అమ్మెయ్యి."

తాత పెద్దగా నవ్వాడు. "మధ్యాహ్నం మూడూ బాగానే ఉన్నాయన్న మనిషివి, సాయంత్రానికి నన్ను అమ్మమంటున్నావు. ఎండ దెబ్బ గానీ తగిలిందా?"

"సీసాల్లో గాజు లేస్తోంది. తొమ్మిది రోజులుగా చూస్తున్నా. పుస్తకంలో రాసేశాను."

నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో దానికి తెలియనట్టు. "ఎవరికైనా కనపడిందా? నీకొక్కదానికేనా?"

"నాకొక్కదానికే."

"అదీ!" అన్నాడు తాత, ప్రాణం లేచొచ్చినట్టు. "వయసమ్మా వయసు. బంగారంలాంటి కంపెనీ మీద అంత మాట రాసే ముందు కాస్త కళ్ళు చూపించుకోవద్దూ?"

"చూపించుకున్నా అన్నయ్యా."

"ఏమన్నారు?"

కళ్ళమ్మ ఆయన మొహంలోకి చూడలేకపోయింది. గేటు మీది కంపెనీ బోర్డుకేసి చూస్తూ చెప్పింది.

"బాగున్నాయన్నారు."

 తాత ధరల పేజీ బల్ల మీద పెట్టి, చదువుకునే కళ్ళద్దాలు తీసి దానిమీద పెట్టి, రెండు అరచేతులతో మొహం ఒక్కసారి తుడుచుకున్నాడు. తరవాత లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది. ఆవిడకు ఏమీ చెప్పకుండా, టీకొట్టువాడు పిలుస్తున్నా వినకుండా, రోడ్డు వారగా గోడను ఆసరా చేసుకుంటూ ఇంటివైపు నడిచాడు. ఆయన అంత నెమ్మదిగా నడవగా కళ్ళమ్మ ఎప్పుడూ చూడలేదు. వెనకాల వెళ్ళాలనుకుంది. అక్కడే నిలబడిపోయింది.

బల్ల మీద ధరల పేజీ గాలికి లేచి లేచి పడుతోంది. దాన్ని ఎగిరిపోకుండా పట్టుకుని ఆయన కళ్ళద్దాలు అక్కడే ఉండిపోయాయి, విరిగిన కాడకు నల్లదారం చుట్టి, అద్దాల నిండా వేలిముద్రలతో.